ఆ చీరల మూట విప్పు బిడ్డా

కోదాడ

అమ్మలూ,

అయినవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళను మఠంపల్లిలో వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి పాటలు కట్టించాలని, బొమ్మలు వేయించాలని, బొంతలు కుట్టించాలని ఉందని రాశావు. "చావును పండగ చేస్తారా" అని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారని, అందుకే ఆలోచనలో పడ్డానని కూడా రాశావు. వెనకాడకు. ఇది నువ్వు కొత్తగా తెస్తున్న పని కాదు. మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, ఈ మధ్య మనం వదిలేస్తున్నదే.

మీ అమ్మ పోయిననాడు వాకిట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తుంటే నువ్వు లేచి లోపలికి వెళ్ళిపోయావు. పట్నంలో చదువుకున్న పిల్లలకు అది నటనలా కనబడుతుంది. ఈసారి ఎక్కడైనా వినబడితే చెవి పెట్టి విను. ఆ రాగంలో పోయిన మనిషి బతుకంతా ఉంటుంది. ఎవరి చేలో నాటు వేసింది, ఎవరికి పురుడు పోసింది, ఎవరి చేత మాట పడింది, ఏ కోరిక తీరకుండా పోయింది, అన్నీ అప్పటికప్పుడు కట్టి పాడతారు. ఒకామె ఆగితే ఇంకొకామె అందుకుంటుంది. పక్కింటామె వచ్చి ముందు ఈ చావుకు ఏడుస్తుంది, ఆ వెనకే ఎప్పుడో పోయిన తన కొడుకును తలచుకుని ఏడుస్తుంది. నీ ఇంటి చావు కాదు కదా అని ఆమెను ఎవరూ అనరు. ఇప్పుడేమో ఫ్రీజర్ పెట్టె, మైకులో రికార్డు పాట, వీధి మలుపులో ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, రెండు తేదీలు ఉంటాయి. మీ అమ్మ ఎలా నవ్వేదో, గోంగూర పచ్చడి ఎలా నూరేదో అందులో ఎక్కడుంది?

పీర్ల పండగకు ఊళ్ళలో హిందువులూ ముస్లిములూ కలిసి హసన్ హుసేన్‌ల మరణాన్ని పాడుకుంటూ గుండం చుట్టూ ఆడతారు. నవంబరు 2న సమాధుల పండగకు కతోలికులు సమాధులు శుభ్రం చేసి, పూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు పడదు. ఆ ఖాళీ వాకిలి చూసే వీధిలో వాళ్ళు గొంతు తగ్గించుకుని నడుస్తారు. నిన్ను ప్రశ్నించినవాళ్ళకు ఇవన్నీ గుర్తు చెయ్.

ఇంకా పాత సంగతి ఒకటుంది. మీకు ఎగువన కృష్ణ లోయలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభాలు, అంటే పోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు, దొరికాయి. మూడో శతాబ్దంలో చాంతమూల మహారాజు పోయాక, ఆయన కొడుకు వీరపురుషదత్తుడి ఏలుబడి 20వ ఏట, తల్లులూ అక్కచెల్లెళ్ళూ భార్యలూ కలిసి ఆయన పేరున రాతిస్తంభం నిలబెట్టారు. దాని మీద ఆయన బతికి ఉన్ననాటి ఘట్టాలు చెక్కించారు. మనిషి పోయాక ఇంటి ఆడవాళ్ళు ఒక్కటై ఆ పని తలకెత్తుకున్నారు చూశావా, అది నాకు చాలా గొప్పగా తోస్తుంది. సైనికులకూ అలాంటి స్తంభాలున్నాయి. మన కాలానికి వస్తే, తల్లి పోతే నాయని సుబ్బారావు 'మాతృగీతాలు' రాశారు, భార్య పోతే విశ్వనాథ సత్యనారాయణ 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. పద్యం రానివాళ్ళకు సూదీ దారం ఉన్నాయి.

1987లో అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ కోసం ఒక పెద్ద బొంత మొదలుపెట్టారు. ఆ జబ్బు పేరు చెబితేనే జనం దూరం జరిగే రోజులు. సరిగ్గా సాగనంపడానికి కూడా నోచుకోనివాళ్ళు ఎందరో. ఒక్కొక్కరి పేరున మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గుడ్డ, అంటే ఒక సమాధి కొలత. ఆ ఏడు అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో 1,920 గుడ్డలు పరిచారు. ఆ సంగతి చదువుతుంటే నాకు 2021 కరోనా కళ్ళ ముందుకొచ్చింది. సంచిలో చుట్టి తెచ్చిన మనిషిని ఇంటివాళ్ళు ముట్టుకోలేకపోయారు. చివరిచూపు లేదు, రాగం తీసేవాళ్ళు లేరు. నీ పిలుపు ముందు ఆ ఇళ్ళకే వెళ్ళాలి. పులిచింతల ప్రాజెక్టు ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్ళు దగ్గరలో ఉంటే వాళ్ళనూ పిలువు. వాళ్ళు ఏడవాల్సింది ఇంటి కోసం, చింతచెట్టు కోసం, బొడ్రాయి కోసం.

మొదలు మీ అమ్మ చీరలతో పెట్టు. మూటగట్టి అటక మీద పెట్టావు కదా, దించు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు బొంతకు బాగుంటాయి. పట్టుచీర కత్తిరించకు, అది నువ్వు కట్టుకో. పోయినవాళ్ళ బట్టలు ఉంచకూడదనే పట్టింపు ఉన్న ఇళ్ళను బలవంతపెట్టవద్దు. వాళ్ళు పాట చెబితే నువ్వు రాసుకో. పిల్లలకు రంగులిచ్చి వదిలెయ్, ఏం వేయాలో చెప్పకు. మగవాళ్ళు వచ్చి గోడకానుకుని నిలబడతారు. వాళ్ళకు గుడ్డ కత్తిరించే పని ఇవ్వు. చేతికి పని దొరికితే నోటికి మాట వస్తుంది.

పోయినవాళ్ళను దేవుళ్ళను చేయనివ్వకు. మీ అమ్మకు ముక్కుమీద కోపం. అలిగితే రెండు పూటలు అన్నం ముట్టేది కాదు. అదీ ఆ బొంతలో ఉండాలి. ముఖ్య అతిథి, శాలువా, బహుమతి, ఇవేవీ దగ్గరికి రానివ్వకు. ఫోన్లు బయట పెట్టించు. ఒకరి కన్నీళ్ళు ఇంకొకరి స్టేటస్‌లోకి ఎక్కకూడదు.

దీంతో దుఃఖం పోతుందని ఎవరికీ మాటివ్వకు. పోదు. నలుగురి మధ్య కూర్చుని మోయగలుగుతాం, అంతే. నెలలు గడిచినా నిద్రపట్టక, తిండి మానేసి, బతకడం దేనికి అనే మనిషి కనబడితే అది కుట్టుపనితో తీరేది కాదు. వెంటనే టెలిమానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయించు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి నువ్వే తోడు వెళ్ళు.

మీ నాన్న ఒక్కసారి కూడా ఏడవలేదని కోపంగా రాశావు. ఆయనకు ఏడుపు రాక కాదు, మగవాడు ఏడిస్తే చుట్టూ నలుగురు ఏమనుకుంటారోనని. మొదటి కూడికనాడు ఆయనను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళకు. రానంటాడు. వదినె రమ్మందని చెప్పి వెంటబెట్టుకుని తీసుకురా. నేను కోదాడ నుంచి పొద్దుటి బస్సుకే వస్తాను.

మీ పెద్దమ్మ