కళాయి పోయిన గిన్నె చెప్పిన పాఠం

ఒకనాటి రాత్రి మిగిలిన చింతపండు పులుసును మా ఇంట కళాయి పోయిన ఇత్తడి గిన్నెలోనే ఉంచాము. మరునాడు దానిని తిన్న నాకు, మా చిన్నవానికి వాంతులు పట్టుకున్నాయి. కారణం రసాయన శాస్త్రపు తొలి పాఠంలోనే ఉన్నది.

రాగి, తుత్తునాగం మూలకాలు. ఆ రెండూ కలిసిన ఇత్తడి మిశ్రమం. ఉప్పు మాత్రం సమ్మేళనం. అందులోని సోడియం, క్లోరిన్‌ల గుణాలు దానికి లేవు. అవి ఉంటే మనం తినగలమా! ఉప్పు నీటిలో కరగడం భౌతికమైన మార్పు. నీరు ఇగిరిపోతే తిరిగి ఉప్పే మిగులుతుంది. పులుసులోని ఆమ్లం, గాలిలోని ప్రాణవాయువు కలిసి రాగిపై చేసే పని అటువంటిది కాదు. రాగి లవణాలనే కొత్త పదార్థాలు పుట్టి పులుసులో చేరుతాయి. ఇది రసాయనిక మార్పు. పెద్దలు ‘చిలుమెక్కింది’ అనేది దీనినే. ఎంత మరిగించినా ఆ లవణాలు పోవు.

కళాయికి వాడే తగరం సుమారు 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. కరిగినా, గట్టిపడినా తగరం తగరమే. ఆ పలుచని పూత పులుపును రాగికి తగలనీయదు. గిన్నె లోపల పసుపు ఛాయ తేలితే పులుసు, పెరుగు, పచ్చళ్లు అందులో ఉంచకండి. ముందుగా కళాయి వేయించండి.