చీకటిలో మనిషిని గుర్తించే కెమెరా

వీధి దీపాలు లేని రోడ్డు. ఎదుటి లారీ వెలుగు కళ్లలో పడుతోంది. ముదురు రంగు బట్టలు వేసుకున్న ఒకతను రోడ్డు దాటుతున్నాడు. డ్రైవరుకు అతను కనిపించడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. రెండు సెకన్ల ముందు తెలిస్తే ప్రాణం నిలవవచ్చు. ఆ రెండు సెకన్ల కోసం వచ్చినదే పరారుణ కెమెరా.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు రంగుకు అవతల, ఏ వెలుగూ కనిపించని చోట థర్మామీటరు ఉంచాడు. అక్కడా వేడి నమోదైంది. అవే పరారుణ కిరణాలు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా మేము పిల్లలతో అంటాం: కంటికి కనబడనిదంతా లేనిది కాదు.

మన శరీరం కూడా ఈ కిరణాలను నిరంతరం వెలువరిస్తుంది. వీటిలో 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవాటిని ఉష్ణ కెమెరా గ్రహిస్తుంది. దానికి దీపంతో పని లేదు. మామూలు గాజు ఈ కిరణాలను అడ్డుకుంటుంది కనుక దాని కటకాన్ని సాధారణంగా జెర్మేనియంతో చేస్తారు. చిత్రంలో మనిషి ముఖం, చేతులు, వాహనం ఇంజను, టైర్లు తెల్లగా మెరుస్తాయి.

2000 మోడల్ క్యాడిలాక్ డెవిల్ కారులో ఈ కెమెరా వచ్చింది. కానీ అది బొమ్మ చూపేదే తప్ప, అందులో మనిషిని పోల్చుకోవలసింది డ్రైవరే. ఇప్పుడు ఆ పని కంప్యూటరుకు నేర్పుతున్నారు. నేర్పే పద్ధతి బడి పద్ధతే: వేల ఉదాహరణలు చూపి, ప్రతి మనిషి చుట్టూ గీతలతో పెట్టె గీసి, 'ఇతను పాదచారి' అని చెప్పాలి. దక్షిణ కొరియాలోని కైస్ట్ సంస్థ 2015లో ఇందుకోసం పగలు, రాత్రి తీసిన సుమారు 95 వేల జతల చిత్రాలను అందరికీ అందుబాటులో ఉంచింది. ప్రతి జతలో ఒకటి రంగుల చిత్రం, ఒకటి ఉష్ణ చిత్రం.

అయితే కెమెరా చూసేది మనిషిని కాదు, వేడిలో తేడాను. మే నెలలో సాయంత్రం తారు రోడ్డు ఒంటి వేడికి దగ్గరగా ఉంటే మనిషి రోడ్డులో కలిసిపోతాడు. చలికాలంలో మందపాటి దుప్పటి కప్పుకున్నవాడు మసకబారతాడు. ఆటోలు, ఎడ్లబండ్లు, గేదెలు తిరిగే మన రోడ్లను పరదేశపు చిత్రాలతో మాత్రమే చదువుకున్న యంత్రం సరిగా పోల్చుకోలేకపోవచ్చు. మన రోడ్ల చిత్రాలతోనూ దానికి పాఠం చెప్పాలి.

నూరు మందిలో తొంభై ఐదుగురిని గుర్తిస్తే యంత్రానికి 95 మార్కులు. పరీక్షలో అది మంచి మార్కే. రోడ్డు మీద మాత్రం మిగిలిన ఐదుగురు ఎవరని అడగాలి. అలాగని నీడను చూసి కూడా హెచ్చరిస్తుంటే విసిగిన డ్రైవరు దాన్ని కట్టేస్తాడు. ఈ రెండు తప్పులూ తగ్గితేనే ఆ చదువు పూర్తయినట్టు.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ఫుట్‌పాత్ లేని చోట వాహనాలకు ఎదురుగా, రోడ్డుకు కుడి పక్కన నడవాలి. రాత్రిపూట లేత రంగు బట్టలు వేసుకోవాలి, చేతిలో టార్చి ఉంచుకోవాలి. ఈ మూడు మాటలు ఇంట్లో పిల్లలకు చెప్పండి.