ఆర్‌లో పట్టికలు కలపడం: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆర్ భాషలో పట్టికలు కలపడం గురించే. కమాండ్ తప్పుగా రాస్తే ఆర్ వెంటనే ఎర్రర్ చూపిస్తుంది. కలపకూడని పద్ధతిలో కలిపితే మాత్రం మారుమాట లేకుండా ఓ కొత్త పట్టిక తయారుచేసి ఇస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఈ రెండో చోటే. అందుకే ఈ జవాబుల్లో కమాండ్ల కంటే సరిచూసుకునే పద్ధతుల గురించే ఎక్కువ రాశాను.

ప్రశ్న: మా దగ్గర 240 మంది విద్యార్థుల వివరాలున్నాయి. మార్కుల పట్టికలో 1,440 వరుసలు, హాజరు పట్టికలో 2,400 వరుసలు. రోల్ నంబరు ఆధారంగా మెర్జ్ చేస్తే 14,400 వరుసలు వచ్చాయి. ఎర్రర్ ఏదీ రాలేదు. ఎక్కడ తేడా కొట్టింది?
*– లెక్చరర్, తెనాలి*

ఏ పట్టికనైనా తెరవగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇందులో ఒక వరుస దేనికి గుర్తు? మీ మార్కుల పట్టికలో ఒక వరుస అంటే ఒక విద్యార్థి, ఒక సబ్జెక్టు. హాజరులో ఒక వరుస అంటే ఒక విద్యార్థి, ఒక నెల. రోల్ నంబరు ఒక్కటే చూసి కలపమంటే ఆరు సబ్జెక్టుల్లో ప్రతిదాన్నీ పది నెలలతోనూ జత చేస్తుంది. మనిషికి 60 వరుసలు, 240 మందికి 14,400. ఆర్ లెక్క సరైనదే.

ఇలాంటి పట్టిక ఒక్కోసారి సరైన జవాబు కూడా ఇస్తుంది. ప్రతి మార్కూ సరిగ్గా పదిసార్లు వచ్చింది కాబట్టి సగటు మారదు, మనకు అనుమానం రాదు. మొత్తం మాత్రం పదింతలవుతుంది. ఎవరైనా ఏడాది మధ్యలో చేరి నాలుగు నెలల హాజరే ఉంటే, వాళ్ల మార్కులు నాలుగుసార్లే వస్తాయి. అప్పుడు తరగతి సగటూ తప్పుతుంది.

ముందు హాజరును మనిషికి ఒక వరుసకు కుదించండి. డీప్లయర్ ప్యాకేజీలో గ్రూప్ బై, సమరైజ్ వాడితే సరిపోతుంది. నెలవారీ శాతాలకు సగటు తీయకండి. వచ్చిన రోజులన్నీ కూడండి, పనిదినాలన్నీ కూడండి, ఆ తర్వాతే భాగించండి. ఈ పని ఆగ్రిగేట్‌తో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫార్ములా పద్ధతిలో రాస్తే విలువ లేని వరుసలను అది చెప్పకుండానే వదిలేస్తుంది.

ఇప్పుడు మార్కుల పట్టికను ఎడమవైపు ఉంచి లెఫ్ట్ జాయిన్ చేయండి. కలపకముందు 1,440 వరుసలుంటే కలిపాక కూడా 1,440 ఉండాలి. ఒక్కటి పెరిగినా కుడివైపు పట్టికలో ఏదో రోల్ నంబరు రెండుసార్లు ఉందన్నమాట. డూప్లికేటెడ్ అనే ఫంక్షన్ దాన్ని పట్టిస్తుంది. 2023లో వచ్చిన డీప్లయర్ 1.1.0 నుంచి, రెండువైపులా కీ (కలపడానికి ఆధారమైన కాలమ్ విలువ) పునరావృతమైతే హెచ్చరిక వస్తోంది. రిలేషన్‌షిప్ అనే ఆర్గ్యుమెంట్‌లో ‘మెనీ టు వన్’ అని ముందే రాస్తే, కుడివైపు కీ రెండుసార్లు కనిపించగానే పని ఆగిపోతుంది. పాత మెర్జ్‌కు ఈ కాపలా లేదు. పైగా ఏ కాలమ్ మీద కలపాలో చెప్పకపోతే, రెండు పట్టికల్లోనూ ఒకే పేరుతో ఉన్న కాలమ్‌లన్నిటినీ అది కీగా తీసుకుంటుంది. విద్యార్థి పేరు రెండుచోట్లా ఉండి స్పెల్లింగు కాస్త తేడాగా ఉంటే ఆ విద్యార్థి ఫలితంలో ఉండడు.

ప్రశ్న: 2011 జనాభా లెక్కల్లోని అక్షరాస్యతను ఇప్పటి తెలంగాణ 33 జిల్లాల పాఠశాలల వివరాలతో పోల్చాలి. స్పెల్లింగులన్నీ సరిచేసి జిల్లా పేరుతో కలిపితే 10 వరుసలే మిగిలాయి. ఆ పదింటితో పని కానివ్వవచ్చా?
*– పరిశోధక విద్యార్థిని, హనుమకొండ*

దయచేసి వద్దమ్మా. పోయిన 23 జిల్లాల కంటే మిగిలిన పదే ఎక్కువ ప్రమాదం. మెర్జ్ మామూలుగా రెండువైపులా దొరికిన కీలనే ఉంచుతుంది కాబట్టి, 2011లో లేని జిల్లాలన్నీ రాలిపోయాయి. అది కంటికి కనిపించే నష్టం. కలిసిన వాటిలో వరంగల్ చూడండి. 2011 నాటి వరంగల్ 35 లక్షలకు పైగా జనాభా ఉన్న ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబరు 11న అది ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ అనీ, వరంగల్ రూరల్‌కు వరంగల్ అనీ పేర్లు మార్చారు. మీ పట్టికలో ఉమ్మడి జిల్లా అక్షరాస్యత ఇప్పటి వరంగల్ జిల్లా బడుల పక్కన కూర్చుంది. మీరుంటున్న ఊరి బడులే ఆ వరుసలో లేవు! పదింటిలో హైదరాబాద్‌ను మినహాయిస్తే మిగతా తొమ్మిదీ 2016లో చీలినవే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే జరిగింది. కర్నూలు, గుంటూరు, చిత్తూరు పేర్లు నిలిచాయి, హద్దులు మారాయి.

దారి రెండు మెట్లు కిందికి దిగడమే. 2011 లెక్కలు గ్రామాల వారీగా కూడా దొరుకుతాయి, ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది. మండలాలు కూడా 2016లో చీలాయి కాబట్టి మండలం దగ్గర ఆగితే చాలదు. ఏ గ్రామం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పే మూడో పట్టిక తయారుచేసుకోండి. మీ పరిశోధనలో అసలు శ్రమ ఇదే, దీనికి అడ్డదారి లేదు. కోడ్‌ను ఎప్పుడూ అక్షరాలుగానే చదివించండి. అంకెగా చదివిస్తే ముందున్న సున్నాలు పోతాయి. కూనవరం, చింతూరు లాంటి మండలాలు 2014లోనే ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయని గుర్తుంచుకోండి.

కొత్త జిల్లాకు అక్షరాస్యత కట్టేటప్పుడు గ్రామాల శాతాలను కలపకండి. అక్షరాస్యుల సంఖ్య వేరుగా, జనాభా వేరుగా కూడి, చివర్లో భాగించండి. జనగణనలో అక్షరాస్యత రేటు ఏడేళ్లు, ఆపై వయసువాళ్లకే. మొత్తం జనాభాలోంచి ఏడేళ్లలోపు పిల్లలను తీసేశాకే భాగించాలి. కలిపిన ప్రతిసారీ యాంటీ జాయిన్ కూడా నడపండి. ఎడమవైపు పట్టికలో జత దొరకని వరుసలనే అది చూపిస్తుంది, కాబట్టి పట్టికలను అటూ ఇటూ మార్చి రెండుసార్లు నడపండి. ఆ జాబితాను మీ థీసిస్ అనుబంధంలో ముద్రించండి. పరీక్షకులకు మీ పని మీద నమ్మకం కలిగించేది అదే.

ప్రశ్న: మిర్చి యార్డు ధరల ఫైల్లో తేదీలు 03/04/2022 తరహాలో ఉన్నాయి. ఆర్‌లో తేదీగా మారిస్తే అన్నీ 20వ తారీఖే అయ్యాయి. ధరల సగటు కూడా రావడం లేదు.
*– కమీషన్ వ్యాపారి కుమారుడు, గుంటూరు*

యాజ్ డేట్‌కు మన తేదీ పద్ధతి తెలియదు. ముందు సంవత్సరం ఉంటుందనే అది చదువుతుంది. కాబట్టి 03/04/2022 అంటే 3వ సంవత్సరం, ఏప్రిల్, 2022లో మొదటి రెండంకెలను బట్టి 20వ తేదీ. 2021 ఏప్రిల్ 3, 2022 ఏప్రిల్ 3 ఒకటే అయిపోతాయి. ఆ కాలమ్‌తో మరో పట్టికను కలిపితే గందరగోళం రెట్టింపవుతుంది. ఫార్మాట్‌లో రోజు, నెల, సంవత్సరం వరుసను మీరే చెప్పండి.

ధరల్లో 18,500 అని కామా ఉన్నందువల్ల ఆర్ దాన్ని అక్షరాలుగా తీసుకుంది. జీసబ్‌తో కామాలు తీసేశాకే అంకెగా మార్చండి.

ప్రశ్న: దేశాల వారీ ఎగుమతుల పట్టికలో నమీబియా కోడ్ మాయమవుతోంది.
*– ఉద్యోగి, హైదరాబాద్*

నమీబియా రెండక్షరాల కోడ్ ‘ఎన్ఏ’. ఆర్‌లో అదే ‘విలువ లేదు’ అనడానికి గుర్తు. ఫైలు చదివేటప్పుడు ఎన్ఏ స్ట్రింగ్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో ఖాళీ గడిని మాత్రమే అలా లెక్కించమని చెప్పండి. చెప్పకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. మెర్జ్, డీప్లయర్ జాయిన్‌లు రెండూ ఎన్ఏను ఎన్ఏతో జత కలుపుతాయి. అంటే దేశం కోడ్ నింపని వరుసలన్నీ నమీబియాకు అతుక్కుంటాయి.

ప్రశ్న: బేస్ ఆర్, డీప్లయర్, డేటా టేబుల్: ఏది నేర్చుకోవాలి?
*– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం*

డీప్లయర్‌తో మొదలుపెట్టండి. హాడ్లీ విక్‌హామ్ బృందం 2014లో దాన్ని విడుదల చేసినప్పటి నుంచి చదివితే అర్థమయ్యే కోడ్ రాయడం తేలికైంది. జాయిన్‌లో కాపలా ఉందని పైన చెప్పాను, నా ఓటుకు పెద్ద కారణం అదే. కోట్ల వరుసలతో పనిపడ్డప్పుడు మ్యాట్ డౌల్ మొదలుపెట్టిన డేటా టేబుల్‌కు మారండి. వేగంలోనూ మెమరీ పొదుపులోనూ దానిది పైచేయి. అయితే అందులో కోలన్, ఈక్వల్ గుర్తులతో కాలమ్ మారిస్తే కాపీ తీయకుండా అసలు పట్టికనే మార్చేస్తుంది, కాబట్టి ముందే ఒక నకలు దాచుకోండి.

పాఠకులకు ఒక మనవి. ప్రశ్న పంపేటప్పుడు ఫైలంతా పంపకండి. రెండు పట్టికల నుంచి తలా పది వరుసలు, కలపకముందూ కలిపాకా వరుసల సంఖ్య, వాడిన కమాండ్ ఇస్తే చాలు. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే ముందే తీసేయండి.