అందరి సామాను

పెడనలో కలంకారీ అద్దకం చాలామందికి తెలిసిన పనే. బల్ల మీద గుడ్డ పరుస్తారు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద వేస్తారు. ఒక డిజైనుకు ఒక్క అచ్చు చాలదు. గీతకు ఒకటి కావాలి. ఒక్కో రంగుకు ఒక్కోటి కావాలి.

పని కాగానే అచ్చును శుభ్రం చేస్తారు. దాని చోట దాన్ని పెడతారు. ఎందుకు? చెక్కిన సందుల్లో రంగు ఎండిపోతే గీత సరిగా పడదు. ఒక అచ్చు పోతే, మిగిలినవన్నీ ఉన్నా డిజైను పూర్తి కాదు. ఇవాళ ఒకరు వాడిన అచ్చు రేపు ఇంకొకరి చేతికి వస్తుంది.

పిల్లలకు కూడా ఇదే నేర్పాలి.

చదువంటే పుస్తకం ఒక్కటే కాదు. మొక్కలు నాటడం, చెట్లను గుర్తుపట్టడం, వానను కొలవడం కూడా చదువే. 2001-02లో కేంద్ర ప్రభుత్వం జాతీయ హరిత దళం అనే పథకం మొదలుపెట్టింది. దాని కింద బడుల్లో పిల్లల పర్యావరణ సంఘాలు ఏర్పడ్డాయి.

ఆరుబయట చదువుకు బకెట్లు, మగ్గులు, బొరిగలు, తాడు, విత్తనాలు కావాలి. ఇవి అందరివీ. “అందరిదీ కదా, నాకెందుకు?” అని ప్రతి ఒక్కరూ అనుకుంటే ఏమవుతుంది? మట్టి అంటిన బొరిగ తుప్పు పడుతుంది. తడి తాడు కుళ్లిపోతుంది. మూత పెట్టని విత్తనాలకు చెమ్మ తగులుతుంది. అవి సరిగా మొలవవు.

ఒక బడిలో ఇలా జరిగిందనుకోండి. ఒక పాప చేతిలో మగ్గు పగిలింది. కొడతారని భయపడి దాచేసింది. మర్నాడు ఆ నింద ఇంకో పిల్లవాడి మీద పడింది. వాడు “ఇక బడికి పోను” అన్నాడు. మగ్గు పోతే కొన్ని రూపాయలు పోతాయి. మరి వాడి చదువు పోతే?

అందుకే ఇలా చేయాలి:

1. సామాను పిల్లల చేతే లెక్కపెట్టించి ఇవ్వాలి. మళ్లీ లెక్కపెట్టించి తీసుకోవాలి.

2. వారానికో జట్టుకు ఈ పని అప్పగించాలి. కడగడం ఆడపిల్లల పని అనకూడదు. అందరూ కడగాలి.

3. పావుగంట ముందే పని ఆపాలి. సామాను బకెట్టు నీళ్లతో కడిగించాలి. కడగడానికి పిల్లల్ని కాలవలోకి దిగనివ్వకూడదు.

4. ఏదైనా పగిలితే వెంటనే చెప్పమనాలి. నిజం చెప్పిన పిల్లల్ని తిట్టకూడదు. బాగుచేసేటప్పుడు వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి.

5. పిల్లలు మరిచిపోయారని పెద్దలే సర్ది పెట్టకూడదు. పిలిచి వాళ్ల చేతే సర్దించాలి.

ఇందులో తల్లులు కూడా సాయం చేయవచ్చు. ఇప్పుడు మీకు చదవడం, రాయడం వచ్చు. బడికి వెళ్లినప్పుడు పిల్లలు రాసిన పట్టీ అడిగి చూడండి. అది ఇలా ఉండవచ్చు:

బకెట్లు – ఇచ్చినవి 2, వచ్చినవి 2
మగ్గులు – ఇచ్చినవి 6, వచ్చినవి 5
బొరిగలు – ఇచ్చినవి 4, వచ్చినవి 4

ఏది తగ్గిందో పట్టీ చూడగానే తెలుస్తుంది. అప్పుడు “ఎవరు పోగొట్టారు?” అని గద్దించకండి. “ఎక్కడ ఉందో అందరం వెతుకుదాం” అనండి.

ఆలోచించండి

1. పై పట్టీలో ఏ వస్తువు తగ్గింది? ఎన్ని తగ్గాయి?
2. పాప మగ్గును ఎందుకు దాచింది? పెద్దలు ఎలా ఉంటే దాచేది కాదు?
3. మీ వీధిలో అందరూ వాడే వస్తువులు ఏవి? వాటిని ఎవరు చూసుకుంటున్నారు?

చేసి చూడండి

మీ ఇంట్లో అందరూ వాడే 5 వస్తువుల పేర్లు రాయండి. ఒక్కోటి ఈ వారం ఎవరు చూసుకోవాలో పిల్లలతో కలిసి నిర్ణయించండి. వాళ్ల పేర్లు ఎదురుగా రాయండి.