దుకాణం బోర్డు వెలగడం లేదా? ముందు ఇవి చూడండి

స్వయం ఉపాధి రుణంతో దుకాణం పెట్టుకున్న లబ్ధిదారులకు సూచన: ట్యూబ్‌లైట్ బోర్డు ఆరిపోగానే కొత్తది కొనకండి. చాలాసార్లు లోపం చిన్నదే.

1. ముందు మెయిన్ ఆపండి. బోర్డు స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. వైర్లు తారుమారై ఉంటే లోపల కరెంటు ఉంటుంది.
2. అసలు వెలగకపోతే ట్యూబును హోల్డర్‌లో తిప్పి సరిగ్గా కూర్చోబెట్టండి.
3. రెండు కొనలే వెలుగుతుంటే స్టార్టర్ మార్చండి. ఎలక్ట్రానిక్ చోక్ అయితే స్టార్టర్ ఉండదు.
4. కొనలు బాగా నల్లబడి, మినుకుమినుకుమంటే ట్యూబ్ పనైపోయినట్టే.
5. ఇవి మార్చినా వెలగకపోయినా, కాలిన వాసన వచ్చినా చోక్, వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

బోర్డులోకి వాన నీరు దిగితే అస్సలు ముట్టుకోవద్దు. ఒక పూట బేరం పోయినా మళ్లీ వస్తుంది, ప్రాణం రాదు.