అమెరికాలో తొలి జీతము - పన్ను కోత పత్రము

మన పాఠశాలలో అక్షరాభ్యాసము చేసి, పై చదువులకై అమెరికా వెళ్ళి, అచటనే ఉద్యోగములలో చేరిన పిల్లలు గల కుటుంబములు మనలో అనేకము కలవు. ఉద్యోగమున చేరినప్పుడు వారిచేత నింపించు కాగితములలో డబ్ల్యూ-4 అను పత్రమొకటి. దానిని ముందుంచుకొని పిల్లలు ఇంటికి ఫోను చేయుదురు. మనము ఇచటి అలవాటును బట్టి తోచిన సలహా చెప్పుదుము. ఆ సలహా వలన నష్టపోయినవారిని మేమెరుగుదుము. కావున పెండ్లి కాని, సంతానము లేని ఉద్యోగి ఆ పత్రమును ఎట్లు నింపవలెనో ఇచట ముచ్చటింపదలచితిమి.

అమెరికాలో 1943 నుండి జీతము చేతికి రాకముందే యజమాని పన్ను కోసి ప్రభుత్వమునకు కట్టుచున్నాడు. ఏ మాత్రము కోయవలెనో ఈ పత్రము తెలుపును. ఇది పన్నును నిర్ణయించునది కాదు. అసలు పన్ను మరుసటి సంవత్సరము ఏప్రిలు 15లోగా దాఖలు చేయు రిటర్నులో తేలును. ఎక్కువ కోసియుండిన తిరిగి వచ్చును. తక్కువ కోసియుండిన మిగిలినది కట్టవలెను. ఈ భేదము మనస్సున నిలిచిన మిక్కిలి కంగారు తగ్గును.

2019 వరకు ఈ పత్రములో అలవెన్సులు ఎన్ని అని అడుగు గడి యుండెడిది. మన దేశమున అలవెన్సనగా జీతముతో పాటు ఇచ్చు భత్యము. అచట దాని అర్థము వేరు. కోత లెక్కించుటకు ముందు జీతములోనుండి విడిచిపెట్టు ఒక నియత భాగమునకు ఆ పేరు. ఒంటరి ఉద్యోగి సున్న వ్రాయవలెనా, ఒకటియా, రెండా అను తర్కము స్నేహితుల గదులలో ఎడతెగక సాగెడిది. "సున్న వ్రాయుము, క్షేమము" అనునది పెద్దల మాట. లెక్క చూచిన అది అంత క్షేమము కాదు. 2019లో ఒక్కొక్క అలవెన్సు విలువ సంవత్సరమునకు 4,200 డాలర్లు. ఒంటరివానికి కోత పట్టికలోనే 3,800 డాలర్లు ముందుగా విడిచియుండిరి. రెండు అలవెన్సుల 8,400తో కలిపిన 12,200 అగును. ఆ యేట చట్టము ఒంటరివానికి ఇచ్చిన స్టాండర్డు డిడక్షను సరిగా అంతయే. అనగా ఒకే ఉద్యోగము గలవానికి రెండు అను అంకెయే సరియైనది. సున్న వ్రాసి, పండ్రెండు శాతము మెట్టులో నున్నవానికి సంవత్సరమునకు 1,008 డాలర్లు, నెలకు 84 డాలర్లు, అనవసరముగా కోతపడెడిది. ఆ సొమ్ము మరుసటి యేట వడ్డీ లేక తిరిగి వచ్చెడిది. ఈలోగా ఇచట చదువుకై తెచ్చిన బ్యాంకు ఋణముపై వడ్డీ మాత్రము పెరుగుచునే యుండెడిది.

2020లో పత్రము మారినది. 2017 నాటి చట్టము వ్యక్తిగత మినహాయింపును నిలిపివేయుటచే అలవెన్సుల గడికి ఆధారము పోయినది. ఇప్పుడు ఒకే ఉద్యోగము గల అవివాహితుడు పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు వ్రాసి, సింగిల్ అను గడిలో గుర్తు పెట్టి, చివర సంతకము చేసిన చాలును. నడుమనున్నది ఖాళీగా విడువవచ్చును. అయితే 2020కి ముందు పత్రమిచ్చి అదే యజమాని యొద్ద నున్నవారికి పాత అంకెయే నడచుచుండును. కాలిఫోర్నియా రాష్ట్రపు పన్నుకు డి.ఇ.-4 అను వేరు పత్రము కలదు. అందులో అలవెన్సులు నేటికిని ఉన్నవి. టెక్సాసులో జీతముపై రాష్ట్రపు పన్నే లేదు.

తల్లిదండ్రులమైన మనము ముఖ్యముగా గ్రహింపవలసినది మరియొకటి. "మేమిద్దరము నీ మీదనే ఆధారపడియున్నాము, మా పేర్లు వ్రాయుము" అని కుమారునికి చెప్పిన తండ్రి యొకరు మాకు తెలియును. న్యాయముగానే తోచును. ఇచట పాత పన్ను పద్ధతిలో తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియమునకు తగ్గింపు గలదు గదా! కాని అమెరికా చట్టము ప్రకారము పోషితుడు ఆ దేశ పౌరుడో, జాతీయుడో, నివాసియో కావలెను. లేదా కెనడా, మెక్సికో నివాసి కావలెను. భారతదేశమున నివసించు తల్లిదండ్రులు, ఎంత సొమ్ము పంపినను, ఆ లెక్కలోనికి రారు. మన పేర్లు చేర్చిన కోత తగ్గును, పన్ను తగ్గదు. ఏప్రిలులో ఆ బరువు బిడ్డపై పడును. ఆధారము లేని వివరములిచ్చి కోత తగ్గించుకొన్న 500 డాలర్ల జరిమానా కూడ కలదు. "ఎగ్జెంప్ట్" అని తెలిపి కోత నిలుపుకొనుట, గత సంవత్సరము పన్ను లేక, ఈ సంవత్సరమును ఉండదని నమ్మినవారికే చెల్లును.

విద్యార్థి వీసాపై క్రొత్తగా వెళ్ళినవారు మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరములు సాధారణముగా పన్ను దృష్టిలో నాన్‌రెసిడెంటు ఏలియన్లు. పత్రముపై ఆ మాట వ్రాయవలెను. ఇతర దేశముల నుండి వచ్చిన అట్టివారికి స్టాండర్డు డిడక్షను లేదు. 1989 నాటి ఒప్పందము భారతీయ విద్యార్థులకు దానిని ప్రసాదించినది. తాను భారతీయ విద్యార్థినని జీతముల శాఖకు చెప్పకున్న, ఇతరులకు వలెనే ఎక్కువ కోత పడవచ్చును.

చిక్కంతయు రెండు ఉద్యోగముల యందున్నది. చట్టము అనుమతించినచోట ఒకడు 60,000 డాలర్ల ఉద్యోగముతో పాటు 14,000 డాలర్ల చిన్నపని చేయుచున్నాడనుకొందము. 2024లో స్టాండర్డు డిడక్షను 14,600. మొదటి యజమాని దానిని విడిచి 5,216 డాలర్లు కోయును. రెండవ యజమానియు, తానొక్కడే యజమాని యనుకొని, దానినే విడుచును, కోత సున్న. కాని మొత్తము 74,000పై అసలు పన్ను 8,121 డాలర్లు. లోటు 2,905! లోటు వెయ్యికి లోపైన, లేదా ఆ యేటి పన్నులో తొంబది శాతమైనను, సామాన్యాదాయము గలవారైన గత సంవత్సరపు పన్ను పూర్తిగానైనను కోతపడియుండిన, జరిమానా యుండదు. లేనిచో అదియును చేరును. రెండవ మెట్టులోని గడిలో గుర్తు పెట్టుట రెండు జీతములు ఇంచుమించు సమానముగా నున్నప్పుడే బాగుండును. ఇట్టి తారతమ్యమున్నప్పుడు నాలుగవ మెట్టులోని సి గడిలో అదనపు కోత వ్రాయుట మేలు. రెండు వారములకొకసారి, సంవత్సరమునకు 26 మార్లు జీతము వచ్చువాడు జీతమునకు 112 డాలర్లు వ్రాసిన సరిపోవును. జూలైలో గాని తెలియకపోయిన, మిగిలిన 13 జీతములకు 224 వ్రాయవలెను. పత్రమును ఎప్పుడైనను మార్చియీయవచ్చును. అట్టివాడు జనవరిలో మరల క్రొత్తపత్రమిచ్చి ఆ అంకెను సగమునకు దింపుట మరువరాదు.