పట్టణములో తోట

పాఠ్యభాగము: యిర్మీయా 29:1–7, సంఖ్యాకాండము 35:1–5



పల్లెలో కాపురముండు మనకు తోట క్రొత్త సంగతి కాదు. పెరటిలో ఆనపపాదు, అంట్లు తోమిన నీరు పారు చోట అరటిచెట్టు, పాకమీద బీరతీగ మనము దినదినము చూచుచునే యున్నాము. అయితే లక్షలకొలది జనులు మేడమీద మేడ కట్టుకొని నివసించు మహాపట్టణములో తోట ఎక్కడనుండును? కూరల లారీ రాని దినమున వారేమి తిందురు? ఈ నెల పాఠములో ఈ సంగతిని ఆలోచింతము.

1. చెరలోనివారికి వచ్చిన ఉత్తరము

నెబుకద్నెజరు యెరూషలేమునుండి బబులోనునకు తీసికొనిపోయిన వారికి యిర్మీయా ఒక పత్రిక వ్రాసి పంపెను. రెండేండ్లలోనే అందరును తిరిగి వత్తురని హనన్యా చెప్పిన మాట జనులకు ఇంపుగా నుండెను (28వ అధ్యాయము). రెండేండ్లలో వెళ్లిపోవువాడు చెట్టు నాటునా? యిర్మీయాయైతే డెబ్బది ఏండ్లని చెప్పెను. కాబట్టి ఇండ్లు కట్టుకొని, తోటలు వేసి, వాటి ఫలమును తినుడనియు, ఆ పట్టణపు క్షేమమును కోరి దానికొరకు ప్రార్థన చేయుడనియు వారికి తెలిపెను. తోటపనియు ప్రార్థనయు ఒకే ఉత్తరములో నున్నవని గమనింపుడి.

2. పట్టణము చుట్టును విడిచిన నేల

లేవీయులకు 48 పట్టణములు ఇయ్యబడినప్పుడు, ప్రతి పట్టణము చుట్టును పశువులకొరకు ఖాళీ నేల కొలిచి విడువవలెనని ఆజ్ఞ కలిగెను. ఆ నేలను అమ్ముకొనకూడదని లేవీయకాండము 25:34 తెలుపుచున్నది. ఇది ఇండ్లు కట్టగా మిగిలిన నేల కాదు. ముందుగానే కొలిచి, విలువ కట్టక ప్రత్యేకింపబడిన నేల. నేటి పట్టణములలో జరుగునది దీనికి తారుమారు. మొదట ఇండ్లు, తరువాత దుకాణములు, ఏమైన మిగిలిన యెడల చెట్లు.

3. హవానా పట్టణమునకు వచ్చిన కష్టము

క్యూబా దేశపు ముఖ్యపట్టణమగు హవానాలో సుమారు ఇరువది లక్షల జనులున్నారు. ఆ దేశము చాలకాలము సోవియట్ దేశమునకు చక్కెర అమ్మి, పెట్రోలును ఎరువులను ఆహారమును కొనుచుండెను. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమాయెను. దిగుమతులు సగముకంటె ఎక్కువగా పడిపోయెను. ట్రాక్టర్లు నిలిచిపోయెను. పల్లెలో పండినదియు లారీలు నడువక పట్టణము చేరకపోయెను. జనులు చిక్కిపోయిరి. 1992–93లో ఏబది వేలమందికి పైగా నరముల జబ్బు సోకెను, అనేకులకు చూపు మందగించెను. తిండిలో విటమినులు కొరవడుటయే దీనికి ముఖ్యకారణమని వైద్యులు కనుగొనిరి.

4. వారు చేసిన పని

అప్పుడు జనులు చెత్త పోయు ఖాళీ స్థలములను బాగుచేసి కూరలు పెట్టసాగిరి. 1994లో ప్రభుత్వము ఇందుకొరకు ఒక శాఖను ఏర్పరచెను. భూమి సర్కారుదిగానే యుండెను గాని, సాగుచేయువారికి దానిని ఉచితముగా వాడుకొను హక్కు ఇయ్యబడెను. పని నేర్పుటకు వాడవాడకు వ్యవసాయోద్యోగులు వచ్చిరి.

పట్టణపు నేల రాళ్లతోను సిమెంటు పెళ్లలతోను నిండియుండును. కావున వారు రాళ్లు, ఇటుకలు, పెంకులు పేర్చి ఎత్తయిన మళ్లు కట్టి, మట్టియు కుళ్లిన చెత్త ఎరువును కలిపి వాటిని నింపిరి. ఇట్టి తోటలను అక్కడ ‘ఆర్గనోపోనికో’ అందురు. పట్టణపు తోటలలో రసాయనిక పురుగుమందులు నిషేధింపబడెను. పురుగులను మళ్లించుటకు మళ్ల అంచున బంతియు మొక్కజొన్నయు వేసిరి. మన వేపచెట్టును కూడ తెచ్చి పెంచి, దానితో మందు చేసిరి. ఉదయమున కోసిన కూర తోట గుమ్మమునొద్దనే అమ్ముదురు, లారీతో పని లేదు.

హవానాకు తూర్పున అలమార్ అను పేటలో, మేడల నడుమ, 1997లో కొద్దిమంది కలిసి ఒక సహకార తోట ప్రారంభించిరి. అది పెరిగి సుమారు 25 ఎకరములాయెను. నూరుమందికి పైగా పని దొరికెను. వారిలో ఉద్యోగము చాలించుకొనిన వృద్ధులు అనేకులు.

5. తోట చేయలేనిది

ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనవలెను. ఈ తోటలవలన కూరలు, ఆకుకూరలు దొరికెను గాని, గోధుమలు, బియ్యములో ఎక్కువ భాగము బయటనుండియే రావలసియుండెను. 2020 తరువాత ఆ దేశమునకు మరల ఆహారపు కొరత కలిగెను. పట్టణపు తోట పల్లెపొలమునకు బదులు కాదు. కష్టకాలములో అది గిన్నెలో కూర వేయును, ఊరిలో పచ్చదనము నిలుపును, పొరుగువారిని కలుపును. అదియు చిన్న మేలు కాదు.

6. మనకు

మన బిడ్డలు అనేకులు పట్టణములలో పనికి వెళ్లియున్నారు. “నాలుగు దినములుండి వచ్చెదము, ఇక్కడ మొక్క యెందుకు?” అని వారనవచ్చును. హనన్యా మాట నమ్మినవారును అట్లే తలంచియుందురు. వారికి ఉత్తరము వ్రాయునప్పుడు, ఫోనులో మాటలాడునప్పుడు, యోగక్షేమములతోపాటు ఈ మాటయు చెప్పుడి. మేడమీద ఒక కుండీయైనను చాలును. పండుగకు వచ్చినప్పుడు గోంగూర విత్తనము, బచ్చలికొమ్మ కట్టి పంపుడి. పెంటకుప్ప విలువ, విత్తనము దాచు నేర్పు మీకు తెలిసియున్నవి. హవానావారు వాటిని ఆకలి వచ్చినప్పుడు నేర్చుకొనవలసివచ్చెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. హనన్యా మాటయు యిర్మీయా మాటయు వినినవారిలో ఎవరు తోట వేయుదురు? ఎందుకు?

2. అహాబు కూరతోటకొరకు నాబోతు భూమిని కోరెను (1 రాజులు 21:2). హవానావారు తోటలకు భూమి సంపాదించిన విధమునకును దీనికిని భేదమేమి?

3. మన ఊరిలో అందరిదియైన ఖాళీ నేల ఏది? రాబోవు వానలకు ముందు దానిలో ఏమి నాటగలము? ఎవరు నీరు పోయుదురు?